పాటు మొత్తం ఒకే డిస్కులో

మొగపాలెంలో పెద్దింట్లమ్మది పెద్ద నోరని చెప్పుకుంటారు గానీ, నిజానికి ఆవిడ మెల్లగానే మాట్లాడుతుంది. కాకపోతే అన్న మాట వెనక్కి తీసుకోదు. తేడా తెలియనివాళ్లకి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

కాపురానికొచ్చిన కొత్తలోనే ఆ సంగతి ఊరికి తెలిసింది. చేపల తట్టలతో బస్సెక్కబోతుంటే వాసనొస్తుందని కండక్టరు దింపేశాడు. మిగతా ఆడవాళ్లు గొణుక్కుంటూ నడక దారి పట్టారు. ఈవిడ మాత్రం నెత్తి మీది తట్ట దించి, బస్సు ముందు రోడ్డు మీద పెట్టి, పక్కనే చతికిలబడింది. "నేనూ టిక్కెట్టు కొంటానండి. నా డబ్బులకి వాసన లేదు కదా" అంది. డ్రైవరు హారను మోగించాడు, బస్సులోవాళ్లు కేకలేశారు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంటూ అక్కడే కూర్చుంది. తట్టలు బస్సు టాపు మీద పెట్టుకోవచ్చని డ్రైవరు ఒప్పుకున్నాకే లేచింది. అప్పటి నుంచీ ఆ దారిలో తట్టలు టాపెక్కడం మామూలైపోయింది.

గోదావరి పాయ సముద్రంలో కలిసే చోటుకి కాస్త ఇవతల, ఉప్పుటేటి ఒడ్డున ఉంటుంది మొగపాలెం. మొగుడు అబ్బులు చిన్న నావ మీద ఏట్లో వల వేస్తాడు. కొయ్యింగలు, జెల్లలు, పీతలు, అదృష్టం బాగుంటే ఒక పండుగప్ప. వాటిని నరసాపురం వీధుల్లో తిప్పి అమ్మడం పెద్దింట్లమ్మ పని. ముప్పై ఏళ్లుగా అదే బతుకు.

ఆ బతుకు మీదికి చెరువులొచ్చాయి. ఏటి పక్క పొలాలన్నీ బుల్లబ్బాయి గారు కౌలుకి తీసుకుని రొయ్యల చెరువులు తవ్వించారు. ఐసు ఫ్యాక్టరీ పెట్టారు, రొయ్యలు వలిచే షెడ్డు వేశారు. ఊళ్లో సగంమంది ఆడవాళ్లకి ఆ షెడ్డులో పని దొరికింది. అక్కడిదాకా ఎవరికీ బాధ లేదు. బాధంతా నీళ్లతో వచ్చింది. సముద్రం పోటు మీదున్నప్పుడు ఉప్పునీరు ఏట్లోకి ఎక్కుతుంది. పాటు మొదలైతే మళ్లీ సముద్రంలోకి దిగిపోతుంది. బుల్లబ్బాయి గారి మనుషులు పోటులో తేట నీళ్లు చెరువుల్లోకి తోడుకునేవాళ్లు. పాటులో చెరువు అడుగున పేరుకున్న నల్లటి మురికి ఏట్లోకి వదిలేవాళ్లు. దిగే నీరు దాన్ని లాక్కుపోతూ, దారిలో ఉన్న చేపని కూడా చంపి లాక్కుపోయేది. మళ్లీ పోటు వచ్చేసరికి ఏరు ఏమీ ఎరగనట్టు ఉండేది. ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఆఫీసర్లు వచ్చి సీసాల్లో నీళ్లు పట్టుకెళ్లేవాళ్లు. ఎప్పుడొచ్చినా పోటు మీదే వచ్చేవాళ్లు.

అబ్బులు వల ఖాళీగా రావడం మొదలైంది. ఒక పొద్దున పెద్దింట్లమ్మ ఫోనుతో వీడియో తీసింది. నల్లటి నీళ్లు, వెల్లకిలా తేలుతున్న జెల్లలు. మూడు నాలుగు నిమిషాలుంటుంది. దాన్ని పట్టుకుని, పాలెంవాళ్ల వేలిముద్రలతో ఒక అర్జీ పెట్టింది. జిల్లా నుంచి ఒక విచారణ కమిటీ వేశారు. వీడియో సీడీలో పెట్టి ఇమ్మన్నారు.

అలా మొదటిసారి ఆవిడ ప్రసన్నకుమార్ స్టూడియో మెట్లెక్కింది. ప్రసన్నకుమార్ నరసాపురంలో పెళ్లిళ్లకి ఫొటోలు, వీడియోలు తీస్తాడు. వాళ్లింటికి ఆవిడే చేపలు ఇస్తుంది. సీడీ అనగానే అతను నవ్వాడు. "ఇప్పుడు సీడీలు ఎవరడుగుతున్నారు పెద్దమ్మా. పెళ్లివాళ్లు కూడా పెన్‌డ్రైవే అంటున్నారు" అంటూనే బీరువా అడుగు నుంచి ఒకటి తీసి, దుమ్ము తుడిచి, రాసిచ్చాడు.

విచారణలో ఆ సీడీ వేశారు. బుల్లబ్బాయి గారి తరఫు ప్లీడరు చివరిదాకా ఓపిగ్గా చూశాడు.

"ఇది ముక్క వీడియో మేడమ్" అన్నాడు కమిటీకి పెద్దగా కూర్చున్న ఆవిడతో. "అంతకు ముందు నీళ్లు ఎలా ఉన్నాయో ఇందులో లేదు. ఆ మురికి పైనున్న పొలాల డ్రెయిన్ల నుంచి రాలేదని ఏంటి నమ్మకం? అసలు ఆ చేపలు ఏట్లో చచ్చినవేనా? ఈవిడ చేపలమ్మే మనిషి. అమ్ముడవక కుళ్లిపోయిన సరుకు తట్టలోంచి గుమ్మరించి వీడియో తీసుంటే మనకెలా తెలుస్తుంది?"

పెద్దింట్లమ్మ చెవులు వేడెక్కాయి. ముప్పై ఏళ్లలో కుళ్లిన చేప అమ్మిందని ఆవిణ్ణి ఎవరూ అనలేదు. వెనక బెంచీ మీద కూర్చున్న అబ్బులు చీర కొంగు పట్టి లాగుతున్నా లేచి నిలబడింది.

"అమ్మా, పాటు మొదలైన దగ్గర్నుంచి అయిపోయేదాకా మొత్తం తీసి తెత్తాను. ముందూ ఉంటది, వెనకా ఉంటది. అప్పుడు చూత్తారా?"

కమిటీ పెద్దావిడ కళ్లజోడు తీసి ఆవిడ వంక చూసింది. "తీసుకురండి. కానీ అసలు ఫైలే ఉండాలి, ఎక్కడా కోతలు ఉండకూడదు. డిస్కులోనే ఇవ్వాలి. పెన్‌డ్రైవులు మా కంప్యూటర్లకి పెట్టనివ్వరు. పైగా అందులో ఉన్నది ఎవరైనా చెరిపి మార్చేయొచ్చు. ఒకసారి రాస్తే మార్చడానికి వీల్లేనిది కావాలి" అంది.

బయటికొచ్చాక అబ్బులు తలపట్టుకున్నాడు. "ఆరు గంటల పాటుని ఎవడు తీత్తాడే? మన నావకి ఐసిచ్చేది ఆయనే. రేపట్నుంచి ఇవ్వకపోతే?"

"ఎండబెడతాను" అంది పెద్దింట్లమ్మ.

ఐసు నిజంగానే ఆగిపోయింది. పాలెం పెద్ద సత్తియ్య కూడా ఇంటికొచ్చి కూర్చున్నాడు. "నీ ఆడపడుచు కూతురు రమ్యశ్రీ కూడా ఆ షెడ్డులోనే వలుత్తంది కదమ్మా. నలుగురి నోటికాడ కూడు. కాస్త ఆలోచించు" అన్నాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదని ఆవిడకీ తెలుసు. రమ్యశ్రీ అప్పటికే ఈవిడ ఇంటి గుమ్మం తొక్కడం మానేసింది. "షెడ్డు మూయమని నేనడగలేదు బాబాయ్. మురికి మా ఏట్లో పొయ్యొద్దన్నాను" అని, ఆయనకి మజ్జిగ ఇచ్చి పంపించింది. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. కానీ మాట మార్చుకోలేదు.

ప్రసన్నకుమార్ మొదట రానన్నాడు. చెరువులవాళ్ల ఇళ్ల పెళ్లిళ్లు కూడా తనే తీస్తాడు మరి. పెద్దింట్లమ్మ బతిమాలలేదు. "నీకు కుదరకపోతే ఎవరి దగ్గరికెళ్లాలో చెప్పు బాబూ, అక్కడికే పోతాను" అంది. అతను కాసేపు కెమెరా సంచీ జిప్పు లాగుతూ, మూస్తూ ఉండిపోయాడు. ఆఖరికి "పొద్దున్నే రమ్మంటావా?" అన్నాడు.

పాలెం చివర తుఫాను షెల్టరు ఉంది. దాని డాబా మీంచి చూస్తే ఏరంతా, చెరువుల గేటుతో సహా, ఎదురుగా కనిపిస్తుంది. వెలుగు రేఖలు పడేసరికి కెమెరా స్టాండు వేశారు. కరెంటు కోసం పక్కింటి లక్ష్మి కిటికీలోంచి వైరు అందించింది. నిండుగా, తేటగా ఉంది ఏరు. పాటు మొదలైంది. కెమెరా నడుస్తూనే ఉంది.

రెండు గంటలు గడిచాక ఒక మనిషి గేటు దగ్గరికొచ్చి చక్రం తిప్పాడు. గొట్టంలోంచి నల్లటి నీరు ఉరికింది. తేట నీళ్లలో ఆ నలుపు మెల్లగా విప్పారుతూ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి పాకింది. కాసేపటికి మొదటి చేప పైకి తేలింది. తర్వాత లెక్క లేదు. అది చూస్తూ పెద్దింట్లమ్మ ఆగలేకపోయింది. బుల్లబ్బాయి గార్ని, ఆయన చెరువుల్ని, ఆయన ఐసు ఫ్యాక్టరీని, వాళ్ల ఏడు తరాల్నీ కలిపి తిట్టింది. కెమెరా మాటలు కూడా పట్టుకుంటుందని ప్రసన్నకుమార్ సైగ చేసేసరికే చాలా అయిపోయింది.

ఇంకొంతసేపటికి చెరువుల మేస్త్రి డాబా ఎక్కొచ్చాడు. "ఏం తీస్తున్నారు?" అన్నాడు.

"ఏరు తీత్తన్నాం. ఏరు మీది కాదు కదండి."

అతను వెళ్లి సరిగ్గా కెమెరా ముందు నిలబడ్డాడు. ప్రసన్నకుమార్ కంగారుగా ఆవిడ వంక చూశాడు. పెద్దింట్లమ్మ గోడకి జారబడి కూర్చుంది. "నిలబడండి. మీరూ పడతారు ఇందులో. ఎవరు అడ్డం నిలబడ్డారో ఆ మేడమ్ గారూ చూత్తారు" అంది. మేస్త్రి కొంచెంసేపు అలాగే ఉన్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినవాడిలా ఫోను చూసుకుంటూ దిగిపోయాడు. పాటు అయిపోవచ్చే ముందు గేటు దగ్గరి మనిషి మళ్లీ వచ్చి చక్రం బిగించాడు. అదీ పడింది.

కష్టమంతా అయిపోయిందనుకుంది ఆవిడ. అసలు కష్టం స్టూడియోలో మొదలైంది.

ప్రసన్నకుమార్ బల్ల మీద మూడు రకాల డిస్కులు పరిచాడు. "ఇది సీడీ. ఏడొందల ఎంబీ పడుతుంది. మనం తీసిన దాంట్లో పది నిమిషాలే పడుతుంది. ముప్పై ఆరు సీడీలు కావాలి. ఇది డీవీడీ, నాలుగు పాయింట్ ఏడు జీబీ. గంట పైన పడుతుంది. ఆరు డీవీడీలైతే సరిపోతాయి. రెండు పొరల డీవీడీ అని ఇంకోటి ఉంది, ఎనిమిదిన్నర జీబీ. అవైతే మూడు."

పెద్దింట్లమ్మ సీడీనీ డీవీడీనీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూసింది. అంచులు కలిశాయి. "రెండూ ఒకటే బారున్నాయి. దీంట్లో ఎక్కువెలా పడతది?"

"వీటి మీద రాత ఉంటుంది పెద్దమ్మా, లైటుతో రాసేది. సీడీలో గీతలు దూరం దూరంగా ఉంటాయి. డీవీడీలో సన్నగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. ఈ మూడోది బ్లూ రే. దీన్ని నీలం లైటుతో రాస్తారు, ఇంకా సన్నం. ఒక్కదాంట్లోనే పాతిక జీబీ."

"మరి మూడు డీవీడీల్లో పెడితే, మూడు ముక్కలు చెయ్యాలా?"

"చెయ్యాలి. కానీ అతుకు దగ్గర ఒక్క సెకను కూడా పోదు."

"పోదని నీకు తెలుసు. నాకు తెలుసు. ఆ ప్లీడరు గారు రెండు ముక్కల మధ్య ఏం జరిగిందంటాడు" అంది ఆవిడ. "ఒక్కదాంట్లోనే పెట్టు బాబూ."

బ్లూ రేలు అతని దగ్గర రెండున్నాయి. ఎప్పుడో ఒక డాక్టరు గారమ్మాయి పెళ్లికని రాసే మిషనుతో పాటు తెప్పించుకున్నవి. ధైర్యంగా ఒకటి పెట్టి నొక్కాడు. చోటు సరిపోదని వచ్చింది. అట్ట తిప్పి చూశాడు, పాతికే అని ఉంది. కంప్యూటరులో చూస్తే ఇరవైమూడు చిల్లరే చూపిస్తోంది. ఫైలు ఇరవైనాలుగుకి కాస్త తక్కువ.

అతను నుదురు కొట్టుకున్నాడు. "తప్పు నాదే. ఈ సంగతి మర్చిపోయాను. డిస్కులు చేసేవాడు వెయ్యి చొప్పున లెక్కేస్తాడు, కంప్యూటరు వెయ్యిన్ని ఇరవైనాలుగు చొప్పున లెక్కేస్తుంది. అట్ట మీద పాతికన్నది ఇక్కడికొచ్చేసరికి అలా తగ్గుతుంది. పోనీ ఒక పని చేద్దాం, ఓ పది నిమిషాలు తీసేస్తే పట్టేస్తుంది. మొదట్లో ఏముంది, ఖాళీ ఏరేగా."

"మొదలు తీసేత్తే నీళ్లు ముందే నల్లగా ఉన్నాయంటారు."

"పోనీ చివర."

"చివర తీసేత్తే ఆ గేటు మూసినోడు పోతాడు."

"మధ్యలో మేస్త్రి అడ్డం నిలబడ్డ ముక్క? ఏరే కనపడదు అందులో. నువ్వు తిట్టింది కూడా ఉంది పెద్దమ్మా. అది వాళ్ల చేతికి దొరికితే నిన్నే తప్పుపడతారు. అదైనా తీసెయ్యనీ."

పెద్దింట్లమ్మకి సిగ్గేసింది. తన నోటి వెంట ఏమేం వచ్చాయో గుర్తుంది. ఆఫీసులో నలుగురు మగాళ్ల ముందు ఆ మాటలు వినపడతాయని తలుచుకుంటేనే ఒళ్లు చచ్చిపోయింది.

"ఉండనీ" అంది చివరికి. "నాకు సిగ్గని నేనొకటి కోత్తే, ఆ బుల్లబ్బాయి గారికి సిగ్గని ఆయనొకటి కొయ్యమంటాడు."

"కొయ్యకుండా కుదిస్తాను. ఫైలు చిన్నదవుతుంది."

"కుదిత్తే బొమ్మ ఎలా ఉంటది?"

అతను చేసి చూపించాడు. గేటు దగ్గరి మనిషి మొహం పిండిముద్దలా అయింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. పైగా కుదిస్తే అది అసలు ఫైలు కాదని అతనే ఒప్పుకున్నాడు.

యాభై జీబీ పట్టే రెండు పొరల బ్లూ రే ఉంటుందని ప్రసన్నకుమార్‌కి తెలుసు గానీ చూడలేదు. నరసాపురంలో ఎవరూ దాని పేరు కూడా వినలేదు. ఇద్దరూ రాజమండ్రి బస్సెక్కారు. కంప్యూటర్ల షాపుల్లో ఒకడు నవ్వాడు, ఒకడు పెన్‌డ్రైవు తీసుకోమన్నాడు, ఒకడు అసలు డిస్కులు తయారవడమే మానేశాయన్నాడు. ఎండకి ప్రసన్నకుమార్ మొహం వాడిపోయింది. "ఆరు డీవీడీలు పెట్టేద్దాం పెద్దమ్మా. మేడమ్ గారు ఒప్పుకుంటారు" అన్నాడు.

"నువ్వు టీ తాగి కూచో. నేనడుగుతాను" అని పెద్దింట్లమ్మ ముందుకి నడిచింది.

కాస్త అవతల స్కాను సెంటర్లకి సామాను సరఫరా చేసే షాపు ఒకటి కనిపించింది. కౌంటరులో కన్యకాపరమేశ్వరి అనే నడివయసు ఆవిడ కూర్చుంది. కొన్ని ఆస్పత్రుల్లో ఇంకా స్కాన్లు సీడీల్లోనే ఇస్తారు కాబట్టి ఆ షాపులో డిస్కులు గుట్టలుగా ఉన్నాయి. యాభై జీబీది కావాలనగానే ఆవిడ ఆలోచించి లోపలికెళ్లింది. అట్టపెట్టెలు జరిపిన చప్పుడు చాలాసేపు వినపడింది. ఎవరో స్టూడియోవాళ్లు తెప్పించమని చెప్పి తీసుకెళ్లకుండా వదిలేసిన పాకెట్టు ఒకటి దొరికింది. అందులో రెండు డిస్కులు.

"ఇంత పెద్దది దేనికండీ?" అంది కన్యకాపరమేశ్వరి.

"మా ఏటికండి" అంది పెద్దింట్లమ్మ.

మొదటిది రాస్తుండగా సగంలో కరెంటు పోయింది. ఆ డిస్కు ఇంక దేనికీ పనికిరాదన్నాడు ప్రసన్నకుమార్. మిగిలింది ఒక్కటి. ఈసారి ఇన్వర్టరు తగిలించి, వేగం తగ్గించి పెట్టాడు. పెద్దింట్లమ్మ స్టూడియో మెట్ల మీదే కూర్చుంది. తట్టలో సరుకున్నా అమ్మడానికి కదల్లేదు. లోపల మిషను సన్నగా ఈల వేస్తున్నట్టు తిరుగుతూనే ఉంది. చివరికి ట్రే బయటికొచ్చింది. అతను మళ్లీ లోపలికి తోసి మొదలు, మధ్య, చివర తెరిచి చూశాడు. అన్నీ ఉన్నాయి.

రెండో విచారణలో ఆఫీసు కంప్యూటరు ఆ డిస్కుని చదవలేకపోయింది. అందులో ఉన్నది డీవీడీ డ్రైవు. ప్లీడరు కాగితాలు సర్దుకుంటూ, "చదవడానికే వీల్లేని డిస్కు సాక్ష్యం ఎలా అవుతుంది మేడమ్" అన్నాడు. ప్రసన్నకుమార్ సంచీలోంచి తన లాప్‌టాపు, రాసే మిషను తీసి బల్ల మీద పెట్టాడు. ఆఫీసు కంప్యూటరు జోలికి పోనవసరం లేదని, తన లాప్‌టాపు నుంచే గోడ మీది టీవీకి కలుపుతానని చెప్పాడు. కమిటీ పెద్దావిడ ఒప్పుకుంది.

ఏరు టీవీ నిండా వచ్చింది. తేటగా, నిండుగా.

పావుగంటకి ప్లీడరు ఆవలించాడు. "ముఖ్యమైన చోట్లు చూస్తే చాలు కదండీ" అన్నాడు. కమిటీ పెద్దావిడ కూడా గడియారం చూసుకుంది. "కొంచెం ముందుకి జరపండి" అంది.

పెద్దింట్లమ్మ లేచింది. "అమ్మా, ముక్క తెత్తే ముక్కన్నారు. మొత్తం తెత్తే పరిగెత్తించమంటన్నారు. ఈ తేట నీళ్లు చూడకపోతే తర్వాతొచ్చే నల్ల నీళ్లు ఎక్కడివో ఎలా తెలుత్తాదండి? మీకు పనులుంటే రేపొత్తాను. ఎల్లుండైనా వత్తాను. నేను మాత్రం మొత్తం చూపించే వెళ్తాను."

పెద్దావిడ పెన్ను మూత పెట్టి, కుర్చీ వెనక్కి జరుపుకుంది. "నడవనివ్వండి" అంది.

గేటు తెరుచుకుంది. నలుపు పాకింది. తర్వాత పెద్దింట్లమ్మ గొంతు వచ్చింది. బుల్లబ్బాయి గారు, చెరువులు, ఏడు తరాలు. అటెండరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. గది చివర కూర్చున్న బుల్లబ్బాయి గారు మొదటిసారి తలెత్తి ఆవిడ వంక చూశారు. ప్లీడరు వెంటనే, "చూశారా మేడమ్, ఈవిడకి మా క్లయింటు మీద ఎంత కక్షో" అన్నాడు.

"తిట్టానండి" అంది పెద్దింట్లమ్మ. మొహం ఎర్రబడింది గానీ తల దించుకోలేదు. "తీసెయ్యమంటే తీసేసేవాడు ఈ బాబు. నేనే వద్దన్నాను. అది తప్పయితే దానికి ఏం చేత్తారో చెయ్యండి. గేటు తెరిచినోడి సంగతి కూడా చూడండి."

మేస్త్రి వీపు టీవీని కప్పేసినప్పుడు కమిటీ పెద్దావిడ అతనెవరని అడిగింది. అతను తిరిగినప్పుడు మొహం కనిపించింది. ఆ మొహమే గది చివర బుల్లబ్బాయి గారి వెనక నిలబడి ఉంది. మధ్యాహ్నం భోజనాలు ఆలస్యమయ్యాయి. భోజనాలయ్యాక కొన్ని చోట్ల ముందుకి జరిపారన్నది నిజమే. గేటు మూసిన చోట మాత్రం ఆపి, రెండుసార్లు చూశారు.

ఆర్డరు వచ్చేసరికి వానలు మొదలయ్యాయి. గేటుకి సీలు వేశారు. మురికిని తేర్చడానికి వేరే చెరువు తవ్వుకుని, పరీక్ష చేయించాకే నీళ్లు వదలాలని రాశారు. బుల్లబ్బాయి గారు షెడ్డులో కొందరిని మాన్పించారు, వాళ్లలో రమ్యశ్రీ కూడా ఉంది. ఆ పిల్ల ఇప్పటికీ అత్తతో మాట్లాడదు. పెద్దింట్లమ్మే రెండుసార్లు వెళ్లి పిలిచింది. మూడోసారి కూడా వెళ్తానంటుంది. ఏట్లో ముందు పీతలు కనిపించాయి, తర్వాత చిన్న కొయ్యింగలు. వల నిండే రోజులు ఇంకా రాలేదని అబ్బులు అంటాడు. అలా అంటూనే వల బాగుచేసుకుంటాడు.

బుల్లబ్బాయి గారు పై కోర్టుకి వెళ్లారు. అక్కడ పెద్దింట్లమ్మ తరఫున నిలబడిన కుర్ర ప్లీడరు ఒకరోజు ఫోను చేశాడు. "ఆరు గంటలు చూసే తీరిక అక్కడ ఎవరికీ ఉండదండి. ముఖ్యమైనవి ఏరి ఓ పది నిమిషాలు సీడీలో పెట్టి పంపించండి" అన్నాడు.

ఆవిడ అప్పుడు పీతల కాళ్లు కడుతోంది. ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టుకుంది.

"చిన్నది లేదండి" అంది. "ఉన్నది అదొక్కటే. దాన్ని చదివే మిషను అక్కడుందో లేదో కనుక్కోండి. లేకపోతే మా ప్రసన్నకుమార్‌ని వెంటబెట్టుకుని నేనే వత్తాను."